ఉపాధ్యాయుల ప్రశ్నలు: తరగతి గదిలో పరిశోధన

ప్రశ్న: నేను గుంటూరులో ఒక ప్రాథమిక పాఠశాలలో నాలుగో తరగతికి బోధిస్తున్నాను. ఈ ఏడాది ప్రతి ఉపాధ్యాయుడూ ఒక చర్యాత్మక పరిశోధన చేసి నివేదిక ఇవ్వాలని స్కూల్ కాంప్లెక్స్ (చుట్టుపక్కల బడుల సముదాయం) సమావేశంలో చెప్పారు. డి.ఎడ్.లో పరీక్ష కోసం చదువుకున్న నిర్వచనం తప్ప నాకు దాని గురించి ఏమీ గుర్తు లేదు. మా తరగతిలో 36 మంది పిల్లలున్నారు. వారిలో సగం మందికి అప్పు తెచ్చుకొని చేసే తీసివేతలు రావడం లేదు. నా ధ్యాసంతా దాని మీదే ఉంది. అయినా పరిశోధన విశ్వవిద్యాలయాల్లో ఆచార్యులు చేసే పని కదా, నాలాంటివారు చేసేది పరిశోధన ఎలా అవుతుంది?
(ఒక ఉపాధ్యాయిని, గుంటూరు)

సమాధానం: మీ ధ్యాస దేని మీద ఉందో అదే మీ పరిశోధనాంశం, వేరే అంశం కోసం వెతకనక్కరలేదు. సగం మందికి తీసివేతలు రావడం లేదని మీరు గమనించారు. ఎందుకు రావడం లేదో మీకింకా తెలియదు. ఆ తెలియని చోటే పని మొదలుపెట్టండి. తన తరగతిలోని సమస్యకు కారణం వెతికి, బోధనలో ఒక మార్పు చేసి, ఫలితాన్ని ఉపాధ్యాయుడే పరిశీలించడమే చర్యాత్మక పరిశోధన.

చర్యాత్మక పరిశోధన అన్న పేరును 1946లో ఒక వ్యాసం ద్వారా ప్రచారంలోకి తెచ్చిన కర్ట్ లెవిన్ జర్మనీ నుంచి అమెరికాకు వలస వెళ్లిన మనస్తత్వ శాస్త్రవేత్త. ఆయన ఆలోచించింది బడుల గురించి కాదు, సమాజంలోని వర్గాల మధ్య సంబంధాలను చక్కదిద్దడం గురించి. ఈ పద్ధతిని పాఠశాలలకు చేర్చినవారిలో కొలంబియా విశ్వవిద్యాలయపు టీచర్స్ కాలేజీలో పనిచేసిన స్టీఫెన్ కోరీ ముఖ్యుడు. ఎవరో కనిపెట్టిన ఫలితాలను చదివినంత మాత్రాన ఉపాధ్యాయుడు తన బోధనను మార్చుకోవడం అరుదనీ, తన తరగతిలో తానే పరిశీలించి తెలుసుకున్నదే అతని అలవాటును మారుస్తుందనీ ఆయన 1953లో వాదించాడు. ఆ తర్వాత ఇంగ్లండ్‌లో లారెన్స్ స్టెన్‌హౌస్, ఉపాధ్యాయుడు పరిశోధకుడైతే తప్ప పాఠ్యప్రణాళిక మెరుగుపడదని 1975 నాటికే గట్టిగా చెప్పాడు. క్రమపద్ధతిలో విచారించి, తెలిసినదాన్ని నలుగురి ముందు పెట్టడమే ఆయన దృష్టిలో పరిశోధన. ఆ లెక్కన మీ దగ్గరున్న 36 నోటు పుస్తకాలు చాలు. మన దేశంలోనూ ఈ దారి కొత్తది కాదు. వకీలు వృత్తి వదిలి 1920లో భావ్‌నగర్‌లో బాలమందిరం ప్రారంభించిన గిజుభాయి బధేకా పిల్లలను చూసి, తన పద్ధతిని సరిదిద్దుకుంటూనే బోధించాడు.

ఇక తీసివేతల సంగతి. 52 లోంచి 27 తీసివేయమని ఇచ్చి, పుస్తకాలు ఇంటికి తీసుకువెళ్లండి. మార్కులు వేయవద్దు, తప్పులను మాత్రం రకాలుగా విడదీయండి. 79 అని రాసిన పిల్లలు గుర్తు చూసుకోకుండా కూడేశారు. 24 అని రాసినవారు లెక్కపెట్టడంలో తడబడి ఉంటారు. 35 అని రాసినవారే అందరికన్నా ఎక్కువగా ఉంటారని నా అనుభవం చెబుతోంది. వారిని ఒక్కొక్కరినీ దగ్గర కూర్చోబెట్టుకుని, తప్పన్న మాట ఎత్తకుండా, ఎలా చేశారో చెప్పమని అడగండి.

నేను ఉద్యోగంలో ఉన్న రోజుల్లో అలా 35 రాసిన ఒక అమ్మాయిని అడిగాను. ‘రెండులోంచి ఏడు పోదు కదా సార్, అందుకని ఏడులోంచి రెండు తీశాను. ఎప్పుడూ పెద్దదానిలోంచి చిన్నది తీయాలని మీరే చెప్పారు’ అంది. నిజమే, ఆ పాపకు రెండో తరగతిలో ఆ మాట చెప్పింది నేనే. అంతకు ముందు వారమే ఆమె పుస్తకంలో ఎర్ర సిరాతో ‘అశ్రద్ధ’ అని రాశాను. ఆ పిల్ల అశ్రద్ధ చేయలేదు, నా మాటను అక్షరాలా పాటించింది. ఇన్నేళ్లయినా ఆ ఎర్ర సిరా అక్షరాలు నన్ను బాధపెడుతూనే ఉన్నాయి. పిల్లలకు ఏమి రాదో పరీక్షలో తెలుస్తుంది కానీ, ఎందుకు రాలేదో, అందులో మన పాత్ర ఎంతో మాత్రం ఇలా కూర్చుని అడిగితేనే తెలుస్తుంది.

కారణం తెలిశాక ఒక్క మార్పే చేయండి. నాలుగైదు ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో మీకే తెలియదు. ఉదాహరణకు, చీపురు పుల్లలను పదేసి చొప్పున రబ్బరు బ్యాండుతో కట్టి, 52ను ఐదు కట్టలు, రెండు విడి పుల్లలుగా పిల్లల చేతికిచ్చి, అందులోంచి 27 మీకు ఇవ్వమని అడగండి. విడి పుల్లలు చాలకపోయేసరికి పిల్లలే ఒక కట్ట విప్పుతారు. ‘అప్పు’ అన్న మాటకు అర్థం ఆ విప్పడంలో ఉంది. రెండు వారాలు ఇలా చేసి, ఆ తర్వాతే కాగితం మీదికి వెళ్లండి. మొదలుపెట్టే ముందు ఎనిమిది లెక్కలు, ముగిశాక అదే స్థాయిలో వేరే అంకెలతో ఎనిమిది, నెల రోజులయ్యాక ముందుగా చెప్పకుండా మరో ఎనిమిది ఇవ్వండి. 403 లోంచి 158 వంటి, మధ్యలో సున్నా ఉన్న లెక్కలు మూడుసార్లూ ఉండాలి. రోజూ ఐదు వాక్యాలు రాసుకోండి: తేదీ, ఏమి చేశారు, ఒక పిల్లవాడు అన్న మాట ఉన్నదున్నట్లుగా, మీరు అనుకోనిది ఏమి జరిగింది, రేపు ఏమి మార్చాలి. ప్రణాళిక, ఆచరణ, పరిశీలన, పునరాలోచన అని నివేదికల్లో రాసే నాలుగు దశలు ఆస్ట్రేలియాలోని డీకిన్ విశ్వవిద్యాలయంలో స్టీఫెన్ కెమ్మిస్, రాబిన్ మెక్‌టగ్గార్ట్ ప్రచారం చేసినవి. మీ పని ఆ వరుసలోనే సాగకపోతే బెంగపడవద్దు, సాగిన తీరునే రాయండి.

ప్రశ్న: నేను విజయవాడలో ఒక ఉన్నత పాఠశాలలో సామాన్య శాస్త్రం చెబుతున్నాను. ఒక సెక్షన్‌కు ప్రయోగాలతో, మరొక సెక్షన్‌కు పాత పద్ధతిలో బోధించి సగటు మార్కులు పోల్చకపోతే అది పరిశోధనే కాదని మా ప్రధానోపాధ్యాయులు అంటున్నారు. అది నిజమేనా? ఫలితం అనుకున్నట్లు రాకపోతే ఏమి రాయాలి?
(ఒక ఉపాధ్యాయుడు, విజయవాడ)

సమాధానం: వారు చెప్పింది పరిశోధనలో ఒక రకం, దానికి దాని ప్రయోజనం ఉంది. అయితే ఒక సెక్షన్‌కు ఉదయం మొదటి పీరియడ్, రెండోదానికి ఎండ మండే వేళ మధ్యాహ్న భోజనం తర్వాతి పీరియడ్ ఉన్నప్పుడు, సగటులోని తేడా మీ పద్ధతి వల్ల వచ్చిందని ఎలా చెప్పగలం? అంతకన్నా పెద్ద అభ్యంతరం, మంచిదని మీరు నమ్మిన పద్ధతిని సగం మంది పిల్లలకు కావాలనే అందకుండా చేయడం. ముందు ఒక సెక్షన్‌లో బోధించి, తెలిసిన లోపాలను సరిదిద్ది, రెండు వారాల తర్వాత రెండో సెక్షన్‌లో బోధించండి. అప్పుడు ఎవరూ నష్టపోరు, మీకూ రెండుసార్లు పరీక్షించినట్లవుతుంది.

నమ్మకం కలిగించేది సగటు ఒక్కటే కాదు. ఇంగ్లండ్‌లో 1973 నుంచి 1975 వరకు జాన్ ఎలియట్ నడిపిన ఫోర్డ్ టీచింగ్ ప్రాజెక్టులో ఒకే పాఠం గురించి ఉపాధ్యాయుడి మాట, పిల్లల మాట, తరగతిలో కూర్చుని చూసినవారి మాట మూడూ పక్కపక్కన పెట్టి చూశారు. మూడూ కలవని చోటే నేర్చుకోవలసింది ఎక్కువగా ఉంటుంది. ఫలితం రాకపోతే రాలేదనే రాయండి. మీరు దాచితే పక్క బడిలో మరొకరు అదే దారిలో నడిచి మళ్లీ అక్కడే ఆగిపోతారు. నివేదికలో పిల్లల అసలు పేర్లు వద్దు. మీతో మనసు విప్పి చెప్పిన మాటలు వారి మార్కుల మీద ప్రభావం చూపకూడదు.

ప్రశ్న: మాది ప్రత్తిపాడు వైపు గ్రామం. మిరపకోతల కాలంలో మా పిల్లల్లో చాలామంది బడికి రారు. ఎందుకు రావడం లేదన్నది పరిశోధనాంశంగా తీసుకోవచ్చా?
(ఒక ప్రధానోపాధ్యాయిని, గుంటూరు జిల్లా)

సమాధానం: ఎందుకు రావడం లేదో మీకూ, మీ ఊరికీ తెలిసిందే. కుటుంబమంతా కోతకు వెళితే తప్ప ఆ ఇంటికి ఏడాది గడవదు. పనుల కాలంలో పిల్లలు ఉండి చదువుకునే సీజనల్ హాస్టళ్ల వంటి ఏర్పాట్లు ప్రభుత్వం చేయవలసినవి, వాటి కోసం అర్జీ తప్పక పెట్టండి. పరిశోధనకు మాత్రం మీ చేతిలో ఉన్న ప్రశ్నను ఎంచుకోండి: తిరిగి వచ్చిన పిల్లలకు పాఠం ఎక్కడ మొదలుపెట్టాలి?

ఇది ఒక్కరు చేసే పని కాదు. జపాన్‌లో ఉపాధ్యాయులు కలిసి ఒక పాఠాన్ని సిద్ధం చేసుకుంటారు, ఒకరు బోధిస్తుంటే మిగిలినవారు పిల్లలనే గమనిస్తారు, తర్వాత అందరూ కూర్చుని చర్చించుకుంటారు. మీ బడిలో ఇద్దరే ఉన్నా ఇది సాధ్యమే. 1986 జాతీయ విద్యా విధానం తర్వాత ఏర్పడిన డైట్ (జిల్లా విద్యా శిక్షణ సంస్థ) సంస్థల బాధ్యతల్లో చర్యాత్మక పరిశోధన ఒకటి కనుక, బోయపాలెం డైట్ అధ్యాపకులను సలహా అడగడానికి మొహమాటపడవద్దు. 2020 విధానం ఏటా 50 గంటల వృత్తిపరమైన అభివృద్ధిని ఆశిస్తోంది. ఈ పనిని అందులో చేర్చమని కాంప్లెక్స్ సమావేశంలో అడగండి.

కోతలు మొదలయ్యే ముందే ఒక్కొక్కరు చదవడంలో, లెక్కల్లో ఎక్కడున్నారో పిల్లకొక కాగితం చొప్పున రాసి ఉంచండి. వారు తిరిగి వచ్చిన రోజున కొత్త పాఠం తెరవకుండా, ఆ కాగితం ముందు పెట్టుకుని వారితో మాట్లాడండి.