మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో పనికి బీహార్ నుంచి వచ్చిన కుటుంబాలకు ఎలా సాయపడాలి?

దుప్పట్లు పంచడం మంచిదే గానీ, ముందు చూడాల్సింది రేషన్. 'ఒకే దేశం ఒకే రేషన్ కార్డు' కింద, ఆధార్ లింక్ అయి ఉంటే వాళ్ల ఊరి కార్డుతోనే ఇక్కడి డీలర్ దగ్గర వేలిముద్ర వేసి తీసుకోవచ్చు, కొంత ఇక్కడ తీసుకుని మిగతాది ఊళ్లో ఉన్న ముసలివాళ్లకు వదిలేయొచ్చు కూడా. "మీది ఇక్కడ చెల్లదు" అని ఎవరైనా పంపించేయకుండా మొదటిసారి తెలుగొచ్చిన మీరు వెంట వెళ్లండి.

పిల్లల్ని సర్కారు బడిలో వేయించండి. పుట్టిన తేదీ కాగితం లేదని చేర్చుకోకపోవడం 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం కుదరదు. ఆరేళ్లలోపు పిల్లలో, గర్భిణులో ఉంటే అంగన్‌వాడీ టీచర్‌కు చెప్పండి. భాష గురించి టెన్షన్ వద్దు, పిల్లలు ఆటల్లోనే పట్టేస్తారు. అసలు ఇబ్బంది ఇంట్లో ఉండిపోయే ఆడవాళ్లకు, సంతకు వెళ్లేటప్పుడు వాళ్లనూ పిలవండి.