ఐదు మచ్చల ఎడారి పువ్వు మన మిద్దె మీద పూస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి కాలిఫోర్నియాలో ఉంటుంది. మార్చిలో డెత్ వ్యాలీ ఎడారికి పోయి, రాళ్ల మధ్య పూసిన ఒక చిన్న పువ్వు ఫోటో పంపింది. లేత గులాబి రంగు, ఐదు రేకులు, ఒక్కో రేకు మొదట్లో ఎర్రటి మచ్చ. తిరుపతిలోనూ ఎండలు మండిపోతాయి కదా, విత్తనాలు తెమ్మంటే మిద్దె మీద కుండీలో పెరుగుతుందా?
- ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: అమ్మా, మీరు చెప్పిన గుర్తులను బట్టి అది డెజర్ట్ ఫైవ్‌స్పాట్. విత్తనాలు మాత్రం తెమ్మనకండి. అది నేషనల్ పార్కు, అక్కడ పువ్వు కోయడం, విత్తనం ఏరడం నిషేధం. పైగా నాటే విత్తనం మన దేశంలోకి తేవాలంటే ముందస్తు అనుమతి, అక్కడి అధికారులిచ్చే మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి, ఎయిర్‌పోర్టులో అమ్మాయికి ఆ టెన్షన్ ఎందుకు?

ఎండ ఉంటే చాలు ఎడారి మొక్క బతుకుతుందని చాలామంది అనుకుంటారు. కానీ ఈ మొక్క అక్కడి ఎండాకాలం మొహమే చూడదు. 1913 జులై 10న 56.7 డిగ్రీలు నమోదైన లోయ అది, ఆ వేడి రాకముందే ఇది పూసి, విత్తనం రాల్చి ఎండిపోతుంది. తర్వాత ఆ విత్తనం ఇసుకలో ఏళ్ల తరబడి ఎదురు చూస్తుంది. ఏడాదికి అక్కడ పడేది సుమారు రెండు అంగుళాల వానే. ఎడారి విత్తనాల్లో చాలావాటికి మొలక రాకుండా ఆపే పదార్థాలు పైపొరలోనే ఉంటాయి, చిన్న జల్లుకు అవి పోవు, గట్టి వాన పడి కడుక్కుపోతేనే మొలక బయటికొస్తుంది, చలికాలమంతా నిదానంగా పెరుగుతుంది. 2005లో, 2016లో లోయంతా పూలు పరుచుకున్నది ఇలా వానలు కలిసొచ్చే. నాకైతే ఆ ఓపిక చూస్తే చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది.

మనకేమో అక్టోబరు నుంచి వాయుగుండాలు. 2021 నవంబరులో తిరుపతి ఎలా మునిగిందో మీరు చూసే ఉంటారు. ఆ తడికి కుండీలో దీని వేరు నిలవదు.

అయితే ఒక మాట, ఇది మన బెండ, మందార, గోంగూరల కుటుంబమే! గోంగూర పువ్వు ఎప్పుడైనా దగ్గరగా చూశారా, లేత పసుపు రేకులు ఐదు, నడుమ ముదురెరుపు. మనం ఆకు కోసేస్తూ ఉంటాం కాబట్టి చాలామంది పువ్వు దాకా రానివ్వరు. ఈసారి రెండు మొక్కల్ని కోయకుండా వదిలేయండి, పగలు తగ్గే అక్టోబరు, నవంబరుల్లో పూస్తాయి. పొద్దున్నే ఫోటో తీసి అమ్మాయికి పంపండి, మధ్యాహ్నానికల్లా ముడుచుకుపోతుంది.