తాతగారి ‘గోదావరి’ ఏది?

ప్రశ్న: మా తాతగారు రెండో ప్రపంచయుద్ధంలో ‘గోదావరి’ అనే ఓడలో పనిచేశారట. ఆయన ఫొటోలో టోపీ పట్టీ మీద ‘హెచ్.ఎం.ఐ.ఎస్.’ అని మాత్రమే ఉంది, ఓడ పేరు లేదు. 2015లో సేవల నుంచి తప్పించిన ఐఎన్ఎస్ గోదావరి అదేనా? అది పాకిస్తాన్ ఓడ అని మా బంధువు ఒకరు వాదిస్తున్నారు.
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: కాదమ్మా, అది వేరు, ఇది వేరు. 2015లో తప్పుకున్నది ముంబైలోని మజగావ్ డాక్‌లో తయారై, 1983లో నౌకాదళంలో చేరిన ఫ్రిగేట్ రకం యుద్ధనౌక. మీ తాతగారి గోదావరిని ఇంగ్లండులో థోర్నీక్రాఫ్ట్ సంస్థ నిర్మించింది. 1943లో రాయల్ ఇండియన్ నేవీలో చేరింది. అప్పట్లో సరుకు ఓడలకు కాపలాగా వెళ్లే ఆ తరహా యుద్ధనౌకను స్లూప్ అనేవారు, యుద్ధం ముగిశాక ఫ్రిగేట్లలో చేర్చారు. పొడవు దాదాపు మూడు వందల అడుగులు. హెచ్.ఎం.ఐ.ఎస్. అంటే ‘హిజ్ మెజెస్టీస్ ఇండియన్ షిప్’. పట్టీ మీద పేరు లేదని అనుమానపడకండి. ఏ ఓడ ఏ రేవులో ఉందో శత్రువు పసిగట్టకుండా యుద్ధకాలంలో పేర్లు తీసేసేవారు.

ఆ ఓడ గురించి మీ ఇంట్లో పిల్లలకు తప్పక చెప్పవలసిన సంగతి ఒకటుంది. 1944 ఆగస్టులో హిందూ మహాసముద్రంలో సరుకు ఓడలను ముంచుతున్న యు-198 అనే జర్మన్ జలాంతర్గామి కోసం పెద్ద వేట సాగింది. విమానాలు జాడ పట్టాయి. ఆగస్టు 12న సీషెల్స్ సమీపంలో బ్రిటిష్ ఫ్రిగేట్ ఫిండ్‌హార్న్, మన గోదావరి కలిసి దాన్ని ముంచేశాయి. అందులోని 66 మందిలో ఒక్కరూ మిగలలేదు.

నేను నౌకాదళంలో సోనార్ మీదే పనిచేశాను కాబట్టి ఆ వేట ఎలాంటిదో ఊహించగలను. ఆనాడు సోనార్‌ను ఆస్డిక్ అనేవారు. నీటిలోకి పంపిన శబ్దం జలాంతర్గామికి తగిలి తిరిగొస్తుంది. ఆ ప్రతిధ్వని స్వరం కీచుగా మారితే జలాంతర్గామి మనవైపు వస్తోందని, మంద్రంగా మారితే దూరమవుతోందని అర్థం. అంతా వినేవాడి చెవి మీదే ఆధారపడి ఉంటుంది. ఆ కాలపు హెడ్జ్‌హాగ్ అనే ఆయుధం 24 చిన్న బాంబులను ఓడకు ముందువైపు గుండ్రంగా విసిరేది. తగిలితేనే పేలతాయి. పేలుడు వినబడకపోతే గురి తప్పినట్టే, మళ్లీ వెతుకులాట మొదలు.

మీ బంధువు మాటలోనూ సగం నిజముంది. 1947 పంపకాల్లో ఆరు స్లూపుల్లో నాలుగు మనకు, రెండు పాకిస్తాన్‌కు వెళ్లాయి. కృష్ణ మనకు దక్కింది, గోదావరి అటు పోయింది. అక్కడ సింధ్ అనే పేరుతో పనిచేసి, 1959లో తుక్కు కింద అమ్ముడుపోయింది. అంతమాత్రాన 1944 నాటి ఘనత పాకిస్తాన్‌దైపోదు. అప్పుడు దేశం ఒక్కటే, దళమూ ఒక్కటే. ఆ నావికుల కష్టాన్ని పంపకాల జాబితాతో కొలవడం నాకు సమ్మతం కాదు.

తాతగారి సర్వీసు పత్రాలు ఉంటే, 1944 ఆగస్టులో ఆయన ఏ ఓడలో ఉన్నారో చూడండి. గోదావరి అని ఉంటే ఆ వేటలో ఆయనా ఉన్నట్టే. నాకు తప్పకుండా రాయండి.