గర్భంలో షుగర్ టెస్టులు: మీటర్ తీసుకోగానే చేతులు వణుకుతుంటే

మీ ప్రశ్నలో ఉన్నది ఇది: విజయవాడలో ఉంటున్నారు, మొదటి కాన్పు, 26 వారాలు. గ్లూకోజు నీళ్లు తాగాక రెండు గంటలకి 148 వచ్చింది. డాక్టరుగారు మీటర్ కొనుక్కుని ఇంట్లో రోజుకి నాలుగుసార్లు చూసుకోమన్నారు. సూది కన్నా అంకెకే భయమేస్తోంది, రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు, తిండి తినాలన్నా భయమే. గుంటూరులో గర్భిణులకు మీటర్ వాడకం, పత్యం నేర్పే పని నాది. ఈ భయం దాదాపు అందరికీ ఒకేచోట మొదలవుతుంది: ఏ అంకెకి ఏం అర్థమో, ఏది పట్టించుకోవాలో, ఏది వదిలేయాలో చెప్పేవాళ్లు ఉండరు.

ముందు మీ 148 సంగతి తేలుద్దాం. మన దేశంలో ప్రభుత్వం చెప్పిన పద్ధతి ప్రకారం 75 గ్రాముల గ్లూకోజు సుమారు 300 మి.లీ. నీళ్లలో కలిపి ఐదు పది నిమిషాల్లో తాగాలి. తిని వచ్చినా, తినకుండా వచ్చినా సరే. రెండు గంటలకి రక్తం తీస్తారు, 140 లేదా అంతకన్నా ఎక్కువైతే గర్భంలో వచ్చిన షుగర్ అంటారు. ఇంకో పద్ధతిలో పరగడుపున వచ్చి అదే 75 గ్రాములు తాగాలి, రక్తం మూడుసార్లు ఇవ్వాలి. పరగడుపున 92, గంటకి 180, రెండు గంటలకి 153 గీతలు. ఒక్కటి అందుకున్నా, దాటినా షుగర్ కిందే లెక్క. మీ స్నేహితురాలికి రెండు గంటలకి 148 వస్తే హైదరాబాదులో నార్మల్ అన్నారని రాశారు. ఎవరూ అబద్ధం చెప్పలేదు, ఆమెది ఈ రెండో పద్ధతి అయి ఉంటుంది.

ఆ గీతలు కూడా అంత పదునైనవి కావు. తొమ్మిది దేశాల్లో సుమారు 25 వేలమంది గర్భిణుల్ని పరీక్షించి 2008లో వెలువరించిన అధ్యయనంలో తేలిందేమంటే, తల్లి షుగర్ పెరిగేకొద్దీ బిడ్డ బరువు పెరగడం లాంటి ఇబ్బందులు కొద్దికొద్దిగా పెరుగుతాయి, ఫలానా అంకె దగ్గర ఒక్కసారిగా ప్రమాదం మొదలవదు. కాబట్టి 138 వచ్చినామె నూజివీడు రసాలు బుట్టెడు లాగించనక్కర్లేదు, 148 వచ్చిన మీరు ఏడవనక్కర్లేదు.

ఇంకో మాట, చుట్టాల కోసం. "స్వీట్లు తిన్నావు, అందుకే వచ్చింది" అనేవాళ్లు ఇంటికొకరు ఉంటారు. మాయ నుంచి వచ్చే హార్మోన్లు ఇన్సులిన్ పనిని అడ్డుకుంటాయి. ఆరో నెల నుంచి ఇది గట్టిగా మొదలవుతుంది, గర్భిణులందరిలోనూ జరుగుతుంది. ఇన్సులిన్ తయారుచేసే క్లోమం (పాంక్రియాస్) దానికి తగ్గట్టు ఎక్కువ ఇన్సులిన్ చేయగలిగితే షుగర్ తెలియదు, చేయలేకపోతే పెరుగుతుంది. ఇంట్లో షుగర్ ఉండటం, పీసీఓడీ, బరువు, వయసు దీనికి తోడవుతాయి. తల్లి రక్తంలోని గ్లూకోజు మాయ దాటి బిడ్డకి చేరుతుంది, తల్లి ఇన్సులిన్ చేరదు. అప్పుడు బిడ్డ క్లోమమే ఎక్కువ ఇన్సులిన్ చేసుకుంటుంది, ఆ ఇన్సులిన్‌తో బిడ్డ లావెక్కుతుంది. మనం అంకెలు అదుపులో పెట్టేది అందుకే.

ఇంట్లో చూసుకునేటప్పుడు మామూలుగా పెట్టుకునే హద్దులు: పరగడుపున 95 లోపు, తిన్న గంటకి 140 లోపు, రెండు గంటలకి 120 లోపు. మీ డాక్టరుగారు వేరే అంకె చెప్పి ఉంటే అదే పాటించండి. ఇక్కడే చాలామంది తికమకపడతారు. టెస్టులో విన్న 140ని పట్టుకుని, రెండు గంటలకి 132 వస్తే బాగానే ఉందనుకుంటారు. గంటకి 132 వస్తే 120 దాటిందని కంగారుపడతారు. అందుకని గంటకా, రెండు గంటలకా అన్నది ఒకటే ఖాయం చేసుకుని పుస్తకం అట్ట మీద రాసేయండి. టైము లెక్క మొదటి ముద్ద నోట్లో పెట్టినప్పటి నుంచి. చెయ్యి కడుక్కున్నప్పటి నుంచి లెక్కపెడితే అరగంట తేడా వస్తుంది. మొదటి ముద్దకే ఫోన్‌లో అలారం పెట్టుకోండి, మధ్యలో గడియారం వంక చూసే పని తప్పుతుంది.

ఇక మీటర్. తప్పుడు అంకెల్లో ఎక్కువ భాగం చేతి వేళ్ల మీదే పుడతాయి. మామిడిపండు కోసిన చేత్తో, గ్లూకోజు బిస్కెట్ పట్టుకున్న వేలితో పొడిస్తే వేలి మీది తీపి రక్తంలో కలిసి 100 ఉండాల్సింది 180 కూడా చూపిస్తుంది. శానిటైజర్ చాలదు, అది ఆరకపోతే ఇంకో తేడా. సబ్బుతో కడుక్కుని, పొడిగుడ్డతో పూర్తిగా తుడుచుకోవాలి, తడి ఉంటే చుక్క పలచబడుతుంది. చెయ్యి కాసేపు కిందికి వేలాడేసి, వేలి కొసన కాకుండా పక్కన పొడవండి. నొప్పి తక్కువ, రక్తం బాగా వస్తుంది. సూది పెట్టి పొడిచే పెన్నులో లోతు 2 మీద మొదలుపెట్టి, చుక్క రాకపోతే 3కి మార్చండి. వేలి కొనని పిండిపిండి తీస్తే రక్తంతోపాటు ఒంట్లో నీరు కూడా వస్తుంది, అంకె మారుతుంది. చుక్క గుండ్రంగా నిలిచాక స్ట్రిప్పు అంచుని తాకిస్తే అదే లాక్కుంటుంది. సగం లాక్కుని ఆగితే రెండో చుక్క కలపొద్దు, ఆ స్ట్రిప్పు పారేయడమే.

స్ట్రిప్పులు మన ఎండలకి పాడవుతాయి. చాలా డబ్బాల మీద 30 డిగ్రీల లోపు ఉంచమని ఉంటుంది, మే నెలలో బెజవాడలో వంటింటి అల్మరా అంత చల్లగా ఉండదు. స్కూటీ డిక్కీలో పెట్టి మర్చిపోయిన డబ్బా సంగతి ఇక చెప్పనక్కర్లేదు. ఇంట్లో చల్లటి గదిలో ఉంచండి, ఫ్రిజ్‌లో వద్దు, అక్కడ తేమ పడుతుంది. ఒక స్ట్రిప్పు తీయగానే మూత బిగించాలి. డబ్బా తెరిచిన తేదీ మూత మీద రాయండి. తెరిచాక ఎన్ని నెలలు పనిచేస్తాయో కంపెనీని బట్టి మారుతుంది, డబ్బా మీద చూసుకోండి.

ఇంత జాగ్రత్తగా చేసినా మీటర్ మీటరే. మంచి మీటర్‌కి కూడా 100 పైన 15 శాతం అటూఇటూ తేడా అనుమతించారు. అంటే 118, 128 ఒకే రక్తంలోంచి రావచ్చు. 124 వచ్చిందని ఇంకో వేలు, 121 వచ్చిందని మూడో వేలు పొడుచుకునే అలవాటు వెంటనే మానండి. నిజంగా నమ్మశక్యం కాని అంకె వస్తే చేతులు మళ్లీ కడుక్కుని ఒక్కసారి చూడండి, రెండూ రాయండి, అంతటితో ఆపండి. మీ మీటర్ సరైనదో కాదో తెలుసుకోవాలంటే ల్యాబులో పరగడుపున రక్తం తీసేటప్పుడే మీ మీటర్‌తో వేలు పొడిచి చూసుకోండి. భోజనం తర్వాత పోల్చొద్దు, అప్పుడు వేలి రక్తంలో షుగర్ నరం రక్తంలో కన్నా ఎక్కువే ఉంటుంది. రక్తహీనత బాగా ఉంటే మీటర్ ఉన్నదానికన్నా ఎక్కువ చూపించవచ్చు, కాబట్టి మీ హిమోగ్లోబిన్ ఎంతో డాక్టరుగారికి గుర్తుచేయండి. మూడు నెలల సగటు టెస్టు (HbA1c) ఉంది కదా, దాన్ని గర్భంలో అంతగా నమ్ముకోలేం. ఎర్రకణాలు త్వరగా మారిపోవడం వల్ల తక్కువగా కనిపిస్తుంది, ఐరన్ లోపం ఉంటే ఎక్కువగా కనిపిస్తుంది.

ల్యాబు తప్పులూ ఉంటాయి. ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్లే అబ్బాయి ఇంకో పది ఇళ్లు తిరిగి ల్యాబుకి చేరేసరికి గొట్టంలోని రక్తకణాలే గ్లూకోజుని తినేస్తాయి, గంటకి 5 నుంచి 7 శాతం దాకా తగ్గుతుంది. బూడిదరంగు మూత గొట్టంలో దీన్ని ఆపే మందు ఉంటుంది గానీ అది కూడా పనిచేయడానికి టైము పడుతుంది. ఈ టెస్టుకి మాత్రం ల్యాబుకే వెళ్లడం మేలు.

ఇంకా టెస్టు చేయించుకోనివాళ్లకి ఒక ముక్క. గ్లూకోజు నీళ్లు చల్లగా ఉంటే వికారం తక్కువ, నిమ్మరసం పిండొచ్చా అని ల్యాబువాళ్లనే అడగండి. తాగిన అరగంట లోపు వాంతైతే ఆ టెస్టు చెల్లదు, మర్నాడు మళ్లీ రావాలి. అరగంట దాటాక అయితే కొనసాగించవచ్చు. మధ్యలో కాఫీ, టీ, నడక వద్దు. ఇంటి నుంచి పండ్ల రుచి గ్లూకోజు పొడి తీసుకెళ్లకండి, కొన్నిట్లో పంచదార కలుస్తుంది. మొదటి చెకప్‌లో నార్మల్ వచ్చినా 24, 28 వారాల మధ్య రెండోసారి తప్పనిసరి.

భయం సంగతికి వద్దాం. పనికొచ్చే మార్గం ఒకటుంది: అంకె వచ్చాక ఆలోచించడం కాకుండా, ఏ అంకెకి ఏం చేయాలో ముందే రాసిపెట్టుకోవడం. డాక్టరుగారిని ఈ మూడు ప్రశ్నలు అడిగి జవాబులు పుస్తకంలో రాసుకోండి. వారంలో ఎన్నిసార్లు హద్దు దాటితే ఫోన్ చేయాలి? ఏ అంకెకి అదే రోజు రావాలి? రాత్రిపూట ఎవరికి చేయాలి? ఒక్కసారి 131 వస్తే ఫోన్ అవసరం ఉండదు. టిఫిను తర్వాత మూడు రోజులు వరసగా దాటితే టిఫిను మార్చాలి, మార్చినా దిగకపోతే చెప్పాలి. 200 దాటితే మాత్రం అదే రోజు ఆస్పత్రికి ఫోన్ చేయండి. బిడ్డ కదలిక తగ్గినట్టు అనిపిస్తే మీటర్ జోలికి పోకుండా నేరుగా ఆస్పత్రికి వెళ్లండి, అది అంకెలతో తేలే విషయం కాదు.

పుస్తకంలో అంకె పక్కన తిన్నది రాయండి: "3 ఇడ్లీ, పల్లీ చట్నీ, నడవలేదు, 138." అప్పుడు అది మీ మీద తీర్పులా ఉండదు, ఇడ్లీ లెక్క అవుతుంది. అంకె చదివి రాసే పని కొన్నాళ్లు మీవారికి అప్పగించినా తప్పులేదు. అత్తగారికి, అమ్మకి, ఆడపడుచుకి ప్రతి రీడింగూ వాట్సాప్ చేయడం మానేయండి, నలుగురు నాలుగు సలహాలిస్తారు.

పొద్దున్న పరగడుపు అంకె మీద మీ చెయ్యి తక్కువ. రాత్రంతా కాలేయం వదిలే చక్కెర అది. రాత్రి భోజనం తొమ్మిదిన్నర నుంచి ఎనిమిదికి జరపండి, పడుకునే ముందు చక్కెర లేని పాలో గుప్పెడు పల్లీలో తీసుకోండి. నిద్ర సరిగా లేకపోయినా పెరగొచ్చు. అయినా దిగకపోతే ఇన్సులిన్ అంటారు, అది మీరు తప్పు చేశారని కాదు.

తిన్న తర్వాతి అంకె మాత్రం చాలావరకు మీ కంచంలో ఉంది. పొద్దున్నపూట శరీరం ఇన్సులిన్‌కి తక్కువ లొంగుతుంది కాబట్టి కష్టమంతా టిఫిను దగ్గరే. నాలుగు ఇడ్లీలకి బదులు రెండు ఇడ్లీలు, గిన్నెడు సాంబారు, ఒక ఉడికించిన గుడ్డు. పెసరట్టు మంచిదే, అందులో ఉప్మా పెట్టించుకుంటేనే చిక్కు. రాగి జావ షుగర్‌కి మందని తాగేవాళ్లు ఎక్కువ, పిండి పలచగా ఉడికి తాగితే గబుక్కున పెంచుతుంది, అదే పిండి రొట్టె చేసుకుని కూరతో తింటే నెమ్మది. మధ్యాహ్నం అన్నం కప్పుతో కొలిచి పెట్టుకోండి, ముందు కూర, పప్పు తిని అన్నానికి తర్వాత వెళ్లండి. పండు తింటే ముక్కలుగా, జ్యూస్ వద్దు. సీమంతంలో ఒళ్లో పెట్టే చలిమిడి చిటికెడు నోట్లో వేసుకుంటే కొంప మునగదు, మిగతాది పంచేయండి. తిన్నాక పావుగంట నడవండి. ఎండాకాలం పగలు హాల్లోనే, సాయంత్రం మేడ మీద.

చేయకూడనిది ఒకటుంది. అంకె బాగా రావాలని అన్నం మానేయడం. కడుపు మాడ్చుకుంటే ఒంట్లో కొవ్వు కరిగి పుట్టే కీటోన్లు పెరుగుతాయి, బిడ్డకి అది మంచిది కాదు. గర్భిణికి రోజుకి కనీసం 175 గ్రాముల పిండిపదార్థం కావాలని లెక్క. తినకుండా తెచ్చుకున్న 102 కన్నా తిని తెచ్చుకున్న 118 మేలు.

రెండు వారాల పత్యంతో దిగకపోతే మందు మొదలవుతుంది. ఇన్సులిన్ అయితే సీసా మీద 40 అని ఉంటే ఎర్రమూత సిరంజి, 100 అని ఉంటే నారింజమూత సిరంజి. మందుల షాపులో ఏది ఇస్తే అది తెచ్చుకుంటే మోతాదు రెండింతలకు పైగా అటూఇటూ అవుతుంది. వణుకు, చెమట వచ్చి 70 లోపు చూపిస్తే మూడు చెంచాల గ్లూకోజు గ్లాసు నీళ్లలో తాగి 15 నిమిషాలకి మళ్లీ చూడాలి. బిడ్డ ఊపిరితిత్తుల కోసం స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తే కొన్ని రోజులు అంకెలు ఎగబాకుతాయి, అది మందు వల్లే. అయినా ఆ రోజుల్లో ఎన్నిసార్లు చూడాలో, మోతాదు మార్చాలో అడగండి.

ఖర్చు గురించి కూడా అడిగారు. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకు ఉచితంగా డాక్టరు చూసే ఏర్పాటు ఉంది. మీ వీధి ఆశ కార్యకర్తని అడిగి, ఎంసీపీ కార్డు (తల్లీబిడ్డల చెకప్‌లు రాసే కార్డు) పట్టుకుని వెళ్లండి.

రెండు వారాలైనా నిద్ర రాకపోవడం, ఊరికే ఏడుపు రావడం తగ్గకపోతే అంకెలతోపాటు ఇది కూడా డాక్టరుగారికి చెప్పండి. 14416కి ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ వాళ్లు తెలుగులో ఉచితంగా మాట్లాడతారు.

కాన్పయ్యాక బిడ్డకి గంటలోపు ముర్రుపాలు పట్టండి, బిడ్డ షుగర్ పడిపోకుండా మడమ దగ్గర చుక్క రక్తం తీసి చూస్తారు, కంగారుపడొద్దు. మీ షుగర్ సాధారణంగా అప్పుడే దిగిపోతుంది. ఆరు వారాలకి మళ్లీ 75 గ్రాముల టెస్టు ఉంటుంది, ఎక్కువమంది ఎగ్గొట్టేది ఇదే. బాలింతగా పుట్టింట్లో ఉంటే ఆ ఊరి ల్యాబులోనే చేయించుకోవచ్చు. పరగడుపున ఒకటి, తాగాక రెండు గంటలకి ఒకటి. రెండు చీటీలూ ఫోటో తీసి డాక్టరుగారికి పంపండి, నార్మల్ వచ్చినా ఏడాదికోసారి చూపించుకోండి.