ములుకు అరగంట విమానం: భయపడే అమ్మను తీసుకువెళ్లవచ్చా?

మలేషియాలోని ములు జాతీయ ఉద్యానవనానికి వెళ్లాలని ఉంది, అమ్మకు 65 ఏళ్లు, చిన్న విమానం అంటే భయం, పడవలో వెళ్లే దారి లేదా, అక్కడి గుహల దాకా నడవడానికి అమ్మ మోకాళ్లు తట్టుకుంటాయా అని మీరు అడిగారు. పడవ దారి ఉంది. కానీ దాని గురించి మరిచిపోండి. బారామ్ నది మీద మారుడి వరకు వెళ్లి, అక్కడి నుంచి పడవలు మారుతూ తుతో, మెలినావ్ నదుల్లో ప్రవాహానికి ఎదురు వెళ్లాలి. రోజంతా నడుం వంచి కూర్చోవాలి, చివరి భాగానికి పడవ మొత్తం అద్దెకు మాట్లాడుకోవాలి. సరైన రోడ్డు ఇంతవరకు లేదు. మిరి పట్టణం నుంచి విమానమైతే సుమారు అరగంట.

పోయిన ఏడాది ఆగస్టులో మా ఆవిడతోనూ, 66 ఏళ్ల మా అమ్మతోనూ వెళ్లి వచ్చాను. మీ అమ్మగారి భయం మా అమ్మకూ ఉండేది. మిరిలో విమానాన్ని చూడగానే "ఇదేమిటిరా, ఫ్యాను విమానమా!" అంది. అవును, ఏటీఆర్ 72. మీరు ఊహించుకుంటున్నంత చిన్నది కాదు, దాదాపు డెబ్బై మంది పడతారు. మన దగ్గర హైదరాబాద్ నుంచి చిన్న పట్టణాలకు తిరిగేది కూడా ఈ రకమే, ఆ మాట ముందే చెప్పి ఉంటే అమ్మ అంత హడలిపోయేది కాదు. ఎక్కేది వెనక తలుపు నుంచి, మెట్లు కొన్నే. రెక్క కిటికీలకు పైన ఉంటుంది కాబట్టి కిందిదంతా కనిపిస్తుంది. వెనక వరుసల్లో సీట్లు అడగండి, ఇంజను మోత తక్కువ, చూపుకు అడ్డమూ ఉండదు. మబ్బుల్లోకి వెళ్లినప్పుడు గతుకుల రోడ్డు మీద బస్సులా కుదుపుతుంది. అమ్మ కళ్లు మూసుకుని విష్ణు సహస్రనామం మొదలుపెట్టింది, సగం కాకముందే దిగిపోయాం.

ఆ అరగంటలో కిటికీ వదలకండి. మొదట గీత గీసి నాటినట్టు ఆయిల్ పామ్ తోటలు, వాటి మధ్య ఎర్రమట్టి దారులు. పాము చుట్టలా మెలికలు తిరుగుతున్న బారామ్, పాలు ఎక్కువైన టీ రంగులో. ఎగువన చెట్లు కొట్టిన చోట్ల మట్టి కొట్టుకొచ్చి ఆ రంగు వచ్చింది. ఉద్యానవనం దగ్గరపడుతుంటే తోటలు ఆగిపోయి, అడవి పచ్చగా, ఒత్తుగా కమ్ముకుంటుంది. ఆ పచ్చదనంలోంచి తెల్లటి సున్నపురాయి కొండ గోడలు లేస్తాయి. ఆ తోటలు చూడకపోతే 1974లో ఈ 528 చదరపు కిలోమీటర్లను ఎందుకు జాతీయ ఉద్యానవనంగా కాపాడారో అంత బాగా అర్థమయ్యేది కాదు నాకు.

ఇక అసలు భయపడవలసిన విషయానికి వస్తాను. అది విమానం కాదు, తిరుగు టికెట్టు. అక్కడ వాన ఏడాదంతా పడుతుంది, మబ్బు ఎప్పుడు కిందికి దిగుతుందో చెప్పలేం. మేం తిరిగి రావలసిన మధ్యాహ్నం ఆ బుల్లి విమానాశ్రయంలో కూర్చుని ఉండగా పైన ఫ్యానుల మోత వినిపించింది. అందరం లేచి సంచులు అందుకున్నాం. మోత కాసేపు చుట్టూ తిరిగి, సన్నబడి, ఆగిపోయింది. దిగడానికి వీలుకాక విమానం మిరికి వెనక్కి వెళ్లిపోయిందట. మర్నాటి విమానంలో సీట్లు ఇచ్చారు గానీ, ఆ రాత్రికి కౌలాలంపూర్‌కు, అక్కడి నుంచి హైదరాబాద్‌కు వేరే సంస్థల్లో విడివిడిగా కొన్న టికెట్లు ఎందుకూ పనికిరాకుండా పోయాయి. తప్పు నాదే, రెండు వేలు మిగులుతాయని ఒకే రోజున మూడు విమానాలు పేర్చాను. మా ఆవిడ ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది. మీరు మాత్రం ములు నుంచి వచ్చిన రాత్రి మిరిలోనే ఉండి, ఇంటికి వెళ్లే విమానం మర్నాడు పెట్టుకోండి.

మరో చిన్న సంగతి. ములు, మిరి ఉన్న సరావాక్ రాష్ట్రానికి సొంత వలస తనిఖీ ఉంది, కౌలాలంపూర్ నుంచి వెళ్లినా మళ్లీ పాస్‌పోర్టు చూసి ముద్ర వేస్తారు. దేశీయ విమానమే కదా అని పాస్‌పోర్టులు పెద్ద పెట్టెలో పడేయకండి.

మోకాళ్ల సంగతి అడిగారు. అక్కడి పెద్ద గుహ డీర్ కేవ్‌కు ఉద్యానవనం కార్యాలయం నుంచి సుమారు 3 కిలోమీటర్లు, చెక్క బాట, దాదాపు సమతలం. మా అమ్మ మధ్య మధ్య కూర్చుంటూ నడిచేసింది. గుహ లోపల మాత్రం గబ్బిలాల రెట్టతో మెట్లు జారతాయి, వాసన ముక్కు పగలగొడుతుంది, కమ్మీ వదలవద్దు. గైడు లేకుండా గుహల్లోకి పంపరు, ముందే నమోదు చేసుకోవాలి. క్లియర్‌వాటర్ కేవ్‌కు పడవలో తీసుకువెళతారు, కానీ దిగాక సుమారు 200 మెట్లు. అమ్మ కింద ఏటి ఒడ్డున కూర్చుంది, మేం ఎక్కి వచ్చాం. పినాకిల్స్ అనే రాతి సూదుల దగ్గరికి వెళ్లాలంటే మూడు రోజుల యాత్ర, నిచ్చెనలు పట్టుకుని పాకాలి. అది ఈసారికి వదిలేయండి.

"బొర్రా గుహలు చూశాం కదా, మళ్లీ గుహలకు ఇంత ఖర్చా" అని బయలుదేరేదాకా సణిగిన మా అమ్మ, డీర్ కేవ్ నోటి దగ్గర తల ఎత్తి చాలాసేపు ఏమీ అనలేదు. పైకప్పు వంద మీటర్లకు పైన ఉంటుంది. సాయంత్రాలు అక్కడి నుంచి ముప్పై లక్షల దాకా గబ్బిలాలు వేటకు బయలుదేరతాయి. వాన పడితే రావు. మొదటి సాయంత్రం అలాగే తడిసి వెనక్కి వచ్చాం. రెండో సాయంత్రం ఐదున్నర దాటాక ఒక నల్లని తాడు గాలిలోకి పేనుకుంటూ వెళ్లింది, దాని వెనక ఇంకొకటి, గద్దలు వాటి మీదికి దూకుతున్నాయి. కనీసం రెండు రాత్రులు ఉండమనడం ఇందుకే. తిరిగి వచ్చేది చీకట్లో, ఒక్కొక్కరికి ఒక టార్చిలైటు ఉండాలి.

మీరు శాకాహారులైతే ఒక మాట గుర్తుంచుకోండి: బెలచాన్. ఎండిన రొయ్యల ముద్ద. అక్కడి మిదిన్ అనే ఫెర్న్ కూర బ్రహ్మాండంగా ఉంటుంది గానీ, ఆకుకూరే కదా అని తింటే అందులో ఇది ఉండవచ్చు. వద్దని ముందే చెప్పి చేయించుకోవాలి. అమ్మ అటుకులు, కారప్పొడి డబ్బాలో తెచ్చింది. విమానం రద్దయిన రాత్రి వానలో బయటికి వెళ్లలేక ముగ్గురం దాని మీదే గడిపాం. కాస్త ఎక్కువగానే కట్టుకెళ్లండి.