చేతులెత్తించకు, చీటీలు పంచు

చి. లావణ్యకు పెదనాన్న ఆశీస్సులు.

బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో మీ అపార్ట్‌మెంట్‌కు సెక్రటరీవి అయ్యావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మన ఇంట్లో ఎవరూ ఒప్పుకోని పని, సంతోషం. కాని నీళ్ళకు ఏ దారి పట్టాలో ఈ ఆదివారం మీటింగులో చేతులెత్తించి తేల్చేస్తానన్నావట. ఆ మాట కోసమే ఈ ఉత్తరం.

ఫ్లాటుకు ఒక ఓటే. రానివాళ్ళ తరఫున ఎవరు వెయ్యొచ్చో నోటీసులోనే పెట్టు. ఒక్కో దారికి ఎంత ఖర్చో చీటీ మీదే అచ్చువెయ్యి. వాట్సాప్ పోల్ వద్దు. ఎవరు దేనికి వేశారో అందరికీ కనిపిస్తుంది, పైగా ఒకటే నొక్కాలో ఎన్నైనా నొక్కొచ్చో సగం మందికి తెలియదు.

ఇక అసలు భయం. 45 ఫ్లాట్లనుకో. కొత్త బోరు, కావేరి కనెక్షన్, వాన నీటి సంపు, మూడు దారులు. చేతులెత్తిస్తే బోరుకు 18, కావేరికి 14, సంపుకు 13. బోరు గెలిచిందని చప్పట్లు కొడతారు. కాని మిగతా 27 ఇళ్ళకూ బోరు అన్నిటికన్నా ఆఖరి ఎంపిక. వాళ్ళు రెండుగా చీలారు, అంతే. రేపు బోరులో దుమ్ము లేచిందంటే ఆ 27 మందీ మెయింటెనెన్స్ కట్టడం ఆపేస్తారు. మన పాత బిల్డింగులో లిఫ్టు విషయంలో సరిగ్గా ఇదే జరిగింది. చేతుల లెక్కతో ఒక కంపెనీని ఖాయం చేశారు, ఓడినవాళ్ళు డబ్బు బిగపట్టారు, పాపం నువ్వు ఏడాదంతా స్కూలు సంచితో నాలుగంతస్తులు ఎక్కావు. అవన్నీ మరిచిపోయి మళ్ళీ చేతులెత్తిస్తానంటావా, మొద్దూ!

చీటీ మీద 1, 2, 3 వేయించు. పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికల్లో ఊదా స్కెచ్ పెన్నుతో వేస్తారే, ఆ పద్ధతే. సగం దాటినవాళ్ళు లేకపోతే అందరికన్నా తక్కువ వచ్చినదాన్ని తీసేసి, ఆ చీటీల్లో 2 దేనికుందో దానికి చేర్చు. ఇక్కడ సంపు పోతుంది, దాని 13 చీటీలూ కావేరికి పడితే 27–18. రెండో అంకెను తేలిగ్గా చూడకు. 1969 రాష్ట్రపతి ఎన్నికలో వి.వి. గిరి, నీలం సంజీవరెడ్డి, ఇద్దరూ మనవాళ్ళే. మొదటి లెక్కలో గిరికి 4,01,515, రెడ్డికి 3,13,548. మిగతా అభ్యర్థుల చీటీల్లోని రెండో ప్రాధాన్యాలు పంచేసరికి 4,20,077కు 4,05,427. దాదాపు 88 వేల తేడా కాస్తా 14,650కి దిగింది.

ఎవరో ఒకరు పాయింట్ల పద్ధతి అంటారు, ఫ్రాన్స్‌లో బోర్డా చెప్పినది: మొదటిదానికి 2, రెండోదానికి 1, ఆఖరుకు సున్నా. బోరువాళ్ళలో 10 మంది కావేరిని, 8 మంది సంపును రెండోదిగా పెట్టారనుకుంటే కావేరి 51, సంపు 48, బోరు 36. బాగానే ఉంది కదా? సంపువాళ్ళలో నలుగురు కూడబలుక్కుని కావేరిని కావాలని ఆఖరుకు తోసి బోరును రెండోదిగా పెడితే కావేరి 47కు పడి సంపు గెలుస్తుంది. అదే తెలివి 13 మందీ చూపిస్తే బోరు 49తో ఎక్కి కూర్చుంటుంది! తమకు అసలు వద్దన్నదాన్ని తామే గెలిపించుకుంటారు. డబ్బు ముడిపడిన చోట ఈ పద్ధతి జోలికి పోకు. సంక్రాంతి భోజనాల మెనూకైతే అదీ అక్కర్లేదు, నచ్చినవాటన్నిటికీ టిక్కు పెట్టమంటే చాలు.

లెక్క అయ్యాక అవే చీటీలతో రెండేసి దారుల్ని పోటీ పెట్టి చూడు. 1785లో ఫ్రాన్స్‌లోనే కాండోర్సే అనే ఆయన చెప్పిన పరీక్ష ఇది. కావేరి బోరును 27–18తో, సంపును 24–21తో ఓడిస్తోంది కాబట్టి ఎవరడిగినా జవాబుంటుంది. ఒక్కోసారి ఇది దాన్ని, అది ఇంకోదాన్ని, ఆ ఇంకోటి దీన్ని ఓడించి చక్రంలా తిరుగుతుంది. అప్పుడు కంగారుపడి పద్ధతి మార్చకు, నోటీసులో ముందే రాసిన, తక్కువ వచ్చినదాన్ని తీసేసే లెక్కే ఖాయం. మచ్చలేని పద్ధతి దొరకదని 1951లోనే కెన్నెత్ ఆరో (Arrow) అనే అమెరికా ఆర్థికవేత్త లెక్క కట్టి చూపించాడు.

తీసేసే చోట రెండింటికీ సమానంగా వస్తే ఏం చెయ్యాలో డబ్బా తెరవకముందే రాసి అందరి చేతా సంతకాలు పెట్టించు. నీకు మొహమాటం ఎక్కువ, చివరి నిమిషంలో ‘మీరే చెప్పండి అంకుల్’ అనేస్తావని నా బెంగ. లెక్కపెట్టడానికి మూడు పక్షాల నుంచీ ఒక్కొక్కర్ని కూర్చోబెట్టు. చీటీలు కవర్లో పెట్టి ఏడాది దాచు, పాత పేపర్లతో పాటు అమ్మెయ్యకు.

ఆదివారం పదింటికల్లా నేనూ వస్తాను. వెనక కుర్చీలో కూర్చుంటాను, నోరెత్తను.

పెదనాన్న