కార్న్ స్నేకా, బాల్ పైథానా?

ప్రశ్న: మొదటిసారి పాము పెంచాలనుకుంటున్నాను. కార్న్ స్నేక్, బాల్ పైథాన్‌లలో ఏది మేలు?

జవాబు: నన్నడిగితే కార్న్ స్నేకే. రెండూ విషం లేనివే, నెమ్మదైనవే. కానీ బాల్ పైథాన్ ఉన్నట్టుండి తిండి మానేస్తుంది, ఒక్కోసారి నెలల తరబడి. కొత్తవాళ్లు హడలిపోతారు. దానికి గాలిలో తేమ కూడా ఎక్కువే కావాలి. చాలకపోతే కుబుసం ముక్కలుగా ఊడి, కంటిమీది పొర అలాగే ఉండిపోతుంది. దాన్ని గోటితో మాత్రం గిల్లకండి! మా కార్న్ స్నేక్ అయితే, ఎలుకను పట్టుకున్న పట్టకారు కనబడితే చాలు, నాలుక ఆడిస్తూ తల బయటపెడుతుంది. చిన్న సందు దొరికినా జారుకుంటుంది కాబట్టి దాని పెట్టె మూతకు గడియ తప్పనిసరి. 15-20 ఏళ్లు బతుకుతుంది, బాల్ పైథాన్ 30 కూడా దాటొచ్చు. ఏదైనా సరే, అడవిలో పట్టింది వద్దు, పెంపకంలో పుట్టిందే తీసుకోండి.